నా పట్టికలో ఖాళీ గడులు

ఇరవై ఆరేళ్లు ఆడిట్ ఉద్యోగం చేసి, యాభై రెండో ఏట విశ్వవిద్యాలయంలో ప్రపంచ మతాల కోర్సులో చేరాను. ఈ వయసులో ఎందుకమ్మా అని అడిగినవాళ్లకు మనిషికో జవాబు చెప్పాను. అసలు కారణం చాలా చిన్నది. "అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అనే మాట నేను జీవితమంతా అంటూనే వచ్చాను. ఒక రోజు ఎవరో "మీరు ఎన్ని చదివారు?" అని అడిగారు. ఒక్కటీ పూర్తిగా చదవలేదు. ఓచర్ చూడకుండా ఇన్నేళ్లూ సంతకం పెట్టేశానన్నమాట!

మొదటి వ్యాసాన్ని ఏనుగు కథతోనే మొదలుపెట్టాను. చూపులేనివాళ్లు ఏనుగును తడమడం, తలా ఒక మాట చెప్పడం, నిజం మాత్రం ఒకటే కావడం. చాలా బాగా రాశాననుకున్నాను. పాస్ మార్కులు బొటాబొటీగా వచ్చాయి. మార్జిన్‌లో ప్రొఫెసర్ గారు ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఏనుగు మొత్తాన్ని చూస్తున్నది ఎవరు?"

రెండు రోజులు అర్థం కాలేదు, కోపం మాత్రం వచ్చింది. మూడో రోజు కథను మళ్లీ గుర్తు చేసుకుంటే తట్టింది. కథలో ఏనుగును పూర్తిగా చూసేవాడు ఒకడున్నాడు, చూపులేనివాళ్లను పిలిపించిన రాజు. మతాలన్నీ ఒకటేనని చెప్పినప్పుడల్లా నేను వెళ్లి కూర్చున్నది ఆ సింహాసనం మీదే. మిగతావాళ్లందరికీ తోకలూ చెవులూ, నాకు మాత్రం ఏనుగు మొత్తం.

సరే, వినయంగా మొదలుపెడదామని నాకు తెలిసిన పని చేశాను. పట్టిక గీశాను. అడ్డు వరుసల్లో మతాలు. నిలువు వరుసల్లో స్థాపకుడు, గ్రంథం, దేవుడు, ముఖ్య నమ్మకం, ప్రార్థనా స్థలం. క్రైస్తవం వరుస అయిదు నిమిషాల్లో నిండిపోయింది. ఇస్లాం కూడా దాదాపు నిండింది. కాకపోతే స్థాపకుడి గడిలో ముహమ్మద్ ప్రవక్త పేరు రాస్తే, పక్కన కూర్చునే ముస్లిం అమ్మాయి "మేం స్థాపకుడు అనమండీ, ఆయన చివరి ప్రవక్త" అని మర్యాదగానే సరిదిద్దింది. హిందూమతం దగ్గర స్థాపకుడి గడి ఖాళీ. జపాన్ వాళ్ల సొంత మతం షింటోకీ అంతే. బౌద్ధానికి దేవుడి గడిలో ఏం రాయాలి? లేడని రాస్తే సూత్రాలనే బౌద్ధ గ్రంథాల నిండా దేవతలు కనిపిస్తారు, ఉన్నాడని రాస్తే సృష్టికర్త ఎక్కడా దొరకడు. యూదుమతానికి ముఖ్య నమ్మకం ఏమిటని క్లాసులోని యూదు కుర్రాడిని అడిగాను. నవ్వాడు. "ఆజ్ఞలైతే 613 అని లెక్క చెబుతారు. నమ్మకాల గురించి మాత్రం ఇద్దరిని అడిగితే మూడు జవాబులొస్తాయి."

బైబిల్ గడి తేలికనుకున్నాను. ప్రొటెస్టెంట్లకు 66 పుస్తకాలు, కాథలిక్కులకు 73, ఇథియోపియా సనాతన చర్చికి 81.

కానీ నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది జపాన్. అక్కడి మత సంస్థలు ఇచ్చే సభ్యుల సంఖ్యలన్నీ కలిపితే దేశ జనాభా కంటే ఎక్కువ వస్తుంది! ఆడిటర్ కళ్లకు ఇది నేరం. మూడుసార్లు కూడి చూశాను. తప్పు కూడికలో లేదు. ఒకే మనిషిని షింటో ఆలయమూ తన కింద లెక్కేస్తుంది, బౌద్ధాలయమూ తన కింద లెక్కేస్తుంది. అదే మనిషిని పట్టుకుని మీ మతమేమిటని అడిగితే, ఏ మతమూ లేదని చెప్పే అవకాశమే ఎక్కువ. ట్రయల్ బ్యాలన్స్ కుదరనప్పుడు తేడాను తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో పడేస్తాం. నేను జపాన్ మొత్తాన్నీ సస్పెన్స్ ఖాతాలో పడేశాను.

అది పట్టుకుని ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా పట్టికను చాలాసేపు చూసి, "అడ్డు వరుసల గురించి బాగా కష్టపడ్డారు. మరి నిలువు వరుసలు ఎవరు గీశారు?" అన్నారు. నేనే గీశానన్నాను. "కాదు, మీకంటే ముందే ఎవరో గీసిపెట్టారు" అన్నారు.

అప్పటినుంచి చదువు రుచి మారింది. 1870లో లండన్‌లో సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ ఇచ్చిన ఉపన్యాసాలతోనే మతాల్ని శాస్త్రీయంగా పోల్చి చూడాలన్న పట్టుదల మొదలైందని చాలామంది చెబుతారు. ఒక్క మతమే తెలిసినవాడికి ఏ మతమూ తెలియనట్టేనని ఆయన మాట. 1879 నుంచి 1910 వరకు ఆయన సంపాదకత్వంలో మొదలై సాగిన ప్రాచ్య పవిత్ర గ్రంథమాల 50 సంపుటాలు. వేదాలకు జీవితం ధారపోసిన ఆ మనిషి భారతదేశంలో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. దాన్ని తప్పుపట్టడం లేదు, కానీ మతమంటే ముందుగా పుస్తకమే అని ఆ కాలం ఎందుకనుకుందో అక్కడ తెలుస్తుంది. పుస్తకం ఉన్నవాళ్లు గ్రంథాలయానికి నడిచొచ్చారు, లేనివాళ్లు "ఆదిమ" అనే గంపగుత్త గదిలో పడ్డారు. గ్రంథం, స్థాపకుడు, నమ్మకం: ఈ మూడు వరుసలూ ప్రొటెస్టెంట్ క్రైస్తవానికి కొలతలు తీసి కుట్టిన చొక్కా. మిగతావాళ్లకు తొడిగితే భుజాలు పట్టవు, చేతులు వేలాడతాయి.

మాటల సంగతీ అంతే. జపాన్‌లో "షూక్యో" అనే మాట రిలిజియన్‌కు సమానార్థకంగా స్థిరపడింది పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే, పాశ్చాత్య దేశాలతో ఒప్పందాలు తర్జుమా చేయాల్సి వచ్చాక. అరబ్బీ "దీన్"లో తీర్పు, విధేయత, జీవన మార్గం అన్నీ ఇమిడి ఉన్నాయి. ఇక మన "మతం" చూడండి. సంస్కృతంలో దానర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నప్పుడు ఇంకా ఆ అర్థమే పలుకుతోంది. నా మతం అంటే ఒకప్పుడు నా అభిప్రాయం అనే! ఈ ముక్క సెమినార్‌లో చెబితే అందరికంటే ఎక్కువ సంబరపడింది ప్రొఫెసర్ గారే. ఆ రోజు ఇంటికి కాస్త గర్వంగానే వెళ్లాను.

నినియన్ స్మార్ట్ 1967లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన శాఖను మొదలుపెట్టారు. ఆయన లెక్కలో ఒక మతాన్ని ఏడు వైపుల నుంచి చూడాలి: ఆచారం, కథ, అనుభవం, సిద్ధాంతం, నీతి, సమాజం, వస్తువులు. నా అయిదు వరుసలు కొట్టేసి ఏడు గీశాను. కాస్త మెరుగే, కానీ పట్టిక పట్టికే కదా.

ఆయన పద్ధతిలోనే ఇంకో నియమం ఉంది. ఇతరుల మతాన్ని చూసేటప్పుడు అది నిజమా అబద్ధమా అన్న తీర్పును పక్కన పెట్టాలి. ప్రొఫెసర్ గారు దీన్ని, చెప్పులు గుమ్మం దగ్గర విడిచినట్టు అని చెప్పారు, వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్లు తొడుక్కోవచ్చట. గుడి బయట చెప్పులు విడిచిన అనుభవం ఉన్నదాన్ని కాబట్టి నా భయం వేరు: తిరిగొచ్చేసరికి అవి అక్కడే ఉంటాయా? ఉన్నా, నా కాళ్లకు పడతాయా?

క్షేత్ర పరిశీలనకు సిక్కుల గురుద్వారా ఎంచుకున్నాను. రాత్రి వేళ గురు గ్రంథ్ సాహిబ్‌ను వస్త్రాల్లో చుట్టి, తల మీద పెట్టుకుని, వేరే గదిలో పరచిన మంచం మీద విశ్రమింపజేస్తారు. సుఖాసన్ అంటారు దాన్ని. 1430 పుటల గ్రంథం. పుటను పుట అనరు, అంగ్ అంటారు, అంటే అవయవం. ఆ మంచం మీది దుప్పటి మడతలు, వింజామర, పదిలంగా వేసే అడుగులు చూస్తూ ఉంటే నాకు గొంతు పట్టేసింది. నివేదికలో "ఇది గుళ్లో దేవుడికి చేసే పవళింపు సేవ లాంటిది" అని రాసేశాను.

వచ్చేముందు అక్కడి పెద్దాయనతోనూ అదే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు గానీ, "విగ్రహం కాదు తల్లీ, గురువు" అన్నారు. 1708లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని చెప్పారని సిక్కుల విశ్వాసం. విగ్రహారాధనను వద్దన్న సంప్రదాయం దగ్గరికి పోయి నేను విగ్రహంతో పోలిక తెచ్చాను, అదీ ప్రేమగా! నివేదిక తిరిగొచ్చినప్పుడు "లాంటిది" అన్న మాట కింద గీత ఉంది: "ఎందులో కాదో కూడా రాయండి." ఆ ఒక్క వాక్యానికి నాలుగు పేజీలు పట్టాయి. కోర్సు మొత్తంలో నాకు నచ్చిన నా రాత ఆ నాలుగు పేజీలే.

తర్వాత మా మతం వారం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ముప్పై పేజీలు: హిందువులు కర్మను, పునర్జన్మను నమ్ముతారు, వారికి ముగ్గురు ప్రధాన దేవతలు, నాలుగు ఆశ్రమాలు. ఒక్క తప్పు లేదు. చదువుతుంటే ఎవరో దూరపు బంధువుల పెళ్లి ఆల్బమ్ తిరగేస్తున్నట్టుంది, ముఖాలు తెలిసినట్టే ఉంటాయి, ఒక్కళ్లూ నావాళ్లు కారు. బ్రహ్మను నేనెప్పుడు పూజించాను? అంతకుముందు ఆరు వారాలు ఆ ముస్లిం అమ్మాయి, ఆ యూదు కుర్రాడు ఇదే పుస్తకంలో వాళ్ల పేజీలు చదువుతూ నా పక్కన ఎలా కూర్చున్నారో అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల అధ్యాయాల్ని నేను పచ్చ రంగు పెన్నుతో గీతలు గీసి మరీ బట్టీ పట్టాను.

మా అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, ఇంతకీ ఏది నిజమని తేల్చావు?" అంటాడు. ఈ శాఖలో ఆ ప్రశ్నకు మార్కుల్లేవురా అని చెబుతాను. తప్పించుకుంటున్నానని వాడికి తెలుసు.

ఈ సెమిస్టర్‌లో పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీ తీసుకున్నాను. పాళీకి సొంత లిపి లేదు. సింహళ, థాయి, బర్మా, దేవనాగరి, రోమన్ లిపుల్లో ఎవరి వీలును బట్టి వాళ్లు రాస్తారు. నేను తెలుగులో రాసుకుంటున్నాను. నిన్న మొదలైన పాఠం ఉదానం అనే బౌద్ధ గ్రంథంలోని ఏనుగు కథే, ఇన్నాళ్లకు అసలు ఓచర్ చేతికొచ్చింది. తల తడిమినవాడికి కుండ, చెవి తడిమినవాడికి చేట, తోక తడిమినవాడికి రోకలి, తోక కుచ్చు తడిమినవాడికి చీపురు. "ఏదిసో హత్థీ, నేదిసో హత్థీ", ఏనుగంటే ఇలాంటిది, అలాంటిది కాదు అని అరుచుకుంటూ "ముట్ఠీహి" కొట్టుకున్నారట. పిడికిళ్లతో! నా వ్యాసంలో ఈ గుద్దులు లేవు. అది చూసి రాజు సంతోషించాడని ఆ తర్వాతి వాక్యం. అతని సంతోషానికి వాడిన మాట "అత్తమనో". దాని వ్యుత్పత్తి సోమవారానికి రాసుకురమ్మన్నారు.