కెప్టెన్ మీద అరవమంటారు

యూరప్‌లో ఏ ఫుట్‌బాల్ క్లబ్బుకు మన దేశపు అమ్మాయి ఆడటానికి వచ్చినా మొదటి వారం పది రోజుల్లో చాలాసార్లు ఒక చీవాటు తప్పదు. పరుగు చాలడం లేదనో, బంతి కాలికి అతుక్కోవడం లేదనో కాదు. ప్రాక్టీసు మధ్యలో కోచ్ విజిల్ ఊది, ఆట ఆపించి, అందరి ముందూ అడిగేస్తారు: నీకు ఈ జట్టు నచ్చలేదా, ఒక్క మాటా పలకవేం? పిల్ల తల దించుకుని సారీ అంటుంది, అదీ పక్కనున్నవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా. దాంతో అడిగిన మనిషికి ఇంకా ఒళ్లు మండుతుంది.

మైదానం పక్కన పనిచేసే మనవాళ్లకు ఈ మాట విన్నప్పుడల్లా చివుక్కుమంటుంది. నచ్చకపోవడమేమిటి? పెద్దవాళ్ల మధ్య గొంతు లేపకపోవడం మనకు మర్యాద. పీఈటీ సారు చెబుతుండగా నోరు మెదిపితే గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు. ఇంటి సంగతి ఇక సరేసరి. ఏళ్ల తరబడి నోరు మెదపనందుకే బుద్ధిమంతురాలు అనిపించుకున్న పిల్లను, విమానం దిగగానే అదే బుద్ధికి తిట్టడమంటే ఎక్కడి న్యాయం? ఇంకో సంగతి కూడా మింగుడుపడదు. అదే జట్టులో ఫిన్లాండ్ నుంచో, ఇంకో చలిదేశం నుంచో వచ్చిన పిల్ల నోరు విప్పకపోతే స్థిమితం గల ఆటగత్తె అంటారు. మన పిల్ల విప్పకపోతే ఆసక్తి లేదంటారు.

కోపం పక్కన పెట్టి ఆట వైపు నుంచి చూస్తే కోచ్ మాటలో పస ఉంది. గట్టిగా తన్నిన 15 మీటర్ల పాసు చేరడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనంతా అందుకునే మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడే అమ్మాయి, కళ్లు బంతి మీదే ఉంటాయి. వీపు వెనక ఎవరు దూసుకొస్తున్నారో ఆమెకు కనపడదు, పాసు ఇచ్చిన అమ్మాయికి కనపడుతుంది. అందుకని బంతితో పాటు కబురు కూడా పంపాలి. వెనక మనిషి ఉంటే ‘మ్యాన్ ఆన్’, ఎవరూ లేకపోతే ‘టైమ్’, తిరిగిపోవచ్చు అనుకుంటే ‘టర్న్’. బంతి సగం దూరం వెళ్లేలోపే ఆ మాట పడాలి. ఆలస్యంగా అరిస్తే అరవకపోవడం కంటే నష్టం. అప్పటికే ఒళ్లు తిప్పడం మొదలుపెట్టిన అమ్మాయి మాట విని మధ్యలో బిగుసుకుపోతుంది. అటూ ఇటూ కాని ఆ క్షణంలోనే బంతి పోతుంది, ఒక్కోసారి చీలమండ కూడా.

కబురు ఎప్పుడూ వెనక నుంచి ముందుకు నడుస్తుంది. గోల్‌కీపర్‌కు మైదానమంతా కనపడుతుంది కాబట్టి ఆమె సెంటర్ బ్యాక్‌కు, అంటే గోల్ ముందు మధ్యలో కాపుండే డిఫెండర్‌కు చెప్పాలి, సెంటర్ బ్యాక్ తన ముందున్న మిడ్‌ఫీల్డర్‌కు చెప్పాలి. ఎదుటి జట్టులో దాడి చేసే ఫార్వర్డ్ తమ వెనక చిక్కి ఆఫ్‌సైడ్ తప్పు అయ్యేలా నలుగురు డిఫెండర్లు ముందుకు జరగాలంటే ఒక్కరి గొంతే లేవాలి, నలుగురూ ఒకేసారి కదలాలి. మాట లేకుండా ముగ్గురు జరిగి ఒకరు ఉండిపోతే ఆ ఒక్కరి పుణ్యాన ఎదుటి ఫార్వర్డ్ ఆన్‌సైడ్, అంటే తప్పు లేనట్టే. ఫ్రీ కిక్‌కు గోడ కట్టేటప్పుడు ఎంతమంది నిలబడాలో వేళ్లతో చూపించి, ఎడమకు జరగండి, ఆగండి అని కేకేసేది కీపరే. బంతికి 9.15 మీటర్ల దూరంలో నిలబడ్డవాళ్లకు తమ వెనకున్న గోల్‌పోస్టు కనపడదు కదా.

మనవాళ్లలో ఇప్పటివరకు బయటికి వెళ్లిన వాళ్లలో కొందరిని చూడండి. 2020 జనవరిలో గ్లాస్గో రేంజర్స్‌తో ఒప్పందం చేసుకున్న మణిపూర్ బాలాదేవి ఫార్వర్డ్. 2022లో సైప్రస్‌లోని అపోలోన్ లేడీస్‌కు వెళ్లి, ఆ ఆగస్టులోనే యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో దిగిన తొలి భారతీయురాలైన పంజాబ్ పిల్ల మనీషా కల్యాణ్‌దీ దాడి ఆటే. అదే ఏడాది క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు వెళ్లిన ఇద్దరిలో మన నిజామాబాద్ జిల్లా సౌమ్య గుగులోత్ అంచు వెంబడి దాడి చేసే వింగర్, మధ్యప్రదేశ్ జ్యోతి చౌహాన్ ఫార్వర్డ్. 2015లో వెస్ట్ హామ్ లేడీస్ గోల్ కాసిన అదితి చౌహాన్‌ను పక్కన పెడితే వీళ్లంతా ముందువరుసే. పై చీవాటు కథ వీళ్లది కాదు. మన డిఫెండర్లు ఎందుకు తక్కువగా వెళ్తున్నారన్నదానికి గొంతొక్కటే కారణమనీ అనను, ఎత్తు కూడా కారణమే, తలతో బంతి కొట్టే హెడ్డింగ్ కూడా. అయినా వింగర్ మౌనాన్ని జట్టు భరించగలదు, సెంటర్ బ్యాక్ మౌనాన్ని భరించలేదు. ట్రయల్స్‌లో ఇద్దరు సమానంగా కనపడితే కోచ్ వేలు మాట్లాడే పిల్ల వైపే వెళుతుంది.

అరవడంలోనూ పద్ధతి ఉంది. ఎదుటి జట్టు పిల్లను తికమక పెట్టడానికి అరిస్తే రూల్ 12 కింద ఎల్లో కార్డు, పైగా ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే నేరుగా గోల్ చేయడానికి వీల్లేని కిక్. అందుకే బ్రిటన్‌లో ఊరికే ‘నాది’, ‘వదిలేయ్’ అని అరవొద్దని, పేరు కలిపి అరవమని చిన్నప్పటినుంచే నేర్పుతారు. కీపరైతే ‘కీపర్స్’ అంటుంది. క్రొయేషియాలో వెనక మనిషి ఉంటే ‘లెడ్జా’, ఎవరూ లేకపోతే ‘సామా’. గ్రీకు మాట్లాడే చోట అవే ‘ప్లాతి’, ‘మోని’. ఇలాంటివి పది పన్నెండు మాటలు వస్తే మ్యాచ్ గడిచిపోతుంది. చేరిన మొదటి రోజే వాటిని పలికేది పలికినట్టు తెలుగులో రాసుకుని, షూ వేసుకునే చోట అంటించుకుంటే సరి. వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు. భాష రాక మాట్లాడటం లేదన్న సాకు అందుకే ఎక్కువ రోజులు నిలవదు.

మన పిల్లలకు అరవడం రాదని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను. వాళ్లలో ఎంతోమంది బడిలో మొదట ఆడింది ఖోఖో. వీపు మీద చెయ్యి తగిలించి అందరికీ వినపడేలా ‘ఖో’ అనకపోతే అక్కడ ఆటే లేదు. ఆ గొంతు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఖోఖోలో అరుపు రూలు, ఎవరు ఎవరికి ఇచ్చినా ఎవరికీ తప్పనిపించదు. ఫుట్‌బాల్‌లో అరుపు ఆజ్ఞలా వినపడుతుంది. పదిహేడేళ్ల పిల్ల ముప్పై దాటిన కెప్టెన్‌ను పేరు పెట్టి, ఎడమకు జరుగు, నీ మనిషిని పట్టుకో అనాలి. మన దగ్గర అలా అన్నాక సాయంత్రం గదికి వెళ్లి, అక్కా ఏమీ అనుకోవద్దు అని చెప్పుకోవాల్సి వస్తుంది. ఇక్కడ యూరప్‌లో అదే కెప్టెన్ ఆట అయ్యాక భుజం తట్టి, ఆ పిలుపు బాగుంది అంటుంది. ఆ మాట పిల్లకు ఆనందం కంటే అయోమయమే ఎక్కువ తెచ్చిపెడుతుంది.

మన పద్ధతిలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. ఒట్టి ‘అక్కా’ అని కేకేస్తే జట్టులో సగం మంది తల తిప్పుతారు. పేరు చేర్చి రజితక్కా అంటే తప్పేమీ లేదు, కొంచెం పొడుగవుతుందంతే. జాతీయ శిబిరంలో తెలుగు పిల్ల అరుపులు కూడా ఎలాగూ తెలుగులో ఉండవు, హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అంటే ఇక్కడికి రాకముందే ఆమె పరాయి భాషలో ఆడటం నేర్చుకుంది. ఆసక్తి లేని మనిషి చేసే పనేనా ఇది?

మైదానం బయటి మౌనం ఇంకా ఖరీదైనది. ఇక్కడ పొద్దున్నే ఫోన్‌లో ఒక ఫారం నింపాలి: నిద్ర ఎన్ని గంటలు, ఒళ్లు నొప్పులు ఎంత, అలసట ఎంత. ప్రాక్టీసు అయిన అరగంటలోపు, ఇవాళ ఎంత కష్టమనిపించిందో పదికి ఇన్ని అని మార్కు వేయాలి. ఆ మార్కును నిమిషాలతో హెచ్చవేస్తే ఆ రోజు భారం వస్తుంది. 75 నిమిషాలకు 7 వేస్తే 525, 4 వేస్తే 300. మన పిల్లలు రోజూ 4 వేస్తారు. కష్టమని రాస్తే పక్కన కూర్చోబెడతారని భయం. నొప్పి ఉందా అంటే ఏం లేదు, బాగానే ఉంది. చొక్కా లోపల వీపుకు తగిలించిన జీపీఎస్ డబ్బా మాత్రం ఎన్ని మీటర్లు వేగంగా పరుగెత్తిందో ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. రెండు లెక్కలూ పొసగకపోతే ట్రెయినర్‌కు అనుమానం వస్తుంది. డబ్బాలు లేని చిన్న క్లబ్బులో అనుమానం కూడా రాదు, పిల్లకు తేలిగ్గా ఉంది కదా అని పరుగులు పెంచుతారు. కొన్ని వారాలకు తొడ వెనక కండరం పట్టేస్తుంది.

చాలా క్లబ్బుల ఫారంలో నెలసరి తేదీ కూడా అడుగుతారు. చదివేది మగ ట్రెయినరైతే మన పిల్ల ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది. ఇందులో నేను పిల్ల పక్షమే. అడిగే తీరు మార్చుకోవాల్సింది వాళ్లు. ఆ ఒక్క గడిని ఆడ డాక్టరు మాత్రమే చూసేలా పెట్టడం పెద్ద పనేం కాదు, కావాలని అడిగితే చాలా చోట్ల పెడతారు. మోకాలి విషయంలో మాత్రం సిగ్గు, మొహమాటం ఏవీ పనికిరావు. ముందు లిగమెంటు, అదే ఏసీఎల్, తెగే ప్రమాదం ఆడవాళ్లకు మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు. టక్కుమన్న చప్పుడు, కొన్ని గంటల్లో వాపు, మెట్లు దిగుతుంటే మోకాలు జారినట్టు ఉండటం, వీటిలో ఏది కనపడినా ఆ రోజే చెప్పాలి. తెగితే ఆపరేషన్ తర్వాత కనీసం తొమ్మిది నెలలు ఆట ఉండదు. ఒప్పందమేమో చాలాసార్లు ఒక్క సీజన్‌కే ఉంటుంది.

ఒప్పందం దగ్గర మన మౌనానికి డబ్బు రూపంలోనే నష్టం. ఇల్లు క్లబ్బుదా మనదా, ఏడాదికి ఎన్ని విమాన టికెట్లు, బూట్లు ఎవరు కొనాలి, సింథటిక్ గడ్డికి వేరే బూట్లు ఇస్తారా, గాయమైతే వైద్యం ఎంతకాలం, జాతీయ జట్టుకు వెళ్లినప్పుడు గాయపడితే ఖర్చు ఎవరిది. ఇవన్నీ సంతకానికి ముందు అడగాల్సినవి. అడిగితే అవకాశం పోతుందేమోనని మన పిల్లలు అడగరు, ఇంట్లోవాళ్లు అసలే అడగరు, యూరప్ అంటే చాలు. జీతం ఆగిపోయినా అంతే, వచ్చే నెల ఇస్తామన్నారులే అని ఊరుకుంటారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం బకాయి పడితే క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కనీసం 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం తెంచుకోవచ్చు. తప్పు క్లబ్బుదే అవుతుంది. అది రాతలో ఉండాలి. కారిడార్‌లో మేనేజర్ ఎదురుపడినప్పుడు నవ్వుతూ గుర్తుచేయడం నోటీసు కాదు. ఏజెంటుతో ప్రాతినిధ్య ఒప్పందం కూడా రెండేళ్లకు మించి రాసుకోకూడదు. ఐదేళ్ల కాగితం చేతిలో పెట్టేవాడి దగ్గర మర్యాద పాటించాల్సిన పనిలేదు.

నోరు విప్పమని ఇంతగా చెప్పే ఈ దేశాల్లో వాళ్లు మాట్లాడని చోట్లూ ఉన్నాయి, అది మాత్రం వాళ్లకు తెలియదు. చిన్న లీగుల్లో జట్టులో చాలామందికి పగలు వేరే ఉద్యోగమో చదువో ఉంటుంది, ప్రాక్టీసు రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా నడుస్తుంది. అవగానే ఎవరి కారు వాళ్లు ఎక్కి వెళ్లిపోతారు. మైదానంలో తొంభై నిమిషాలు పేరుపెట్టి అరిచిన గొంతుల్లో ఒక్కటీ, తిన్నావా అని అడగదు. మన హాస్టల్లో ఎంత పెద్ద గొడవ జరిగిన రోజైనా ఆ మాట అడక్కుండా ఎవరూ పడుకోరు. వాళ్ల దృష్టిలో అది ఇతరుల విషయంలో తలదూర్చడమట. ఉండనివ్వండి.

సెలవుల్లోనో, జాతీయ జట్టు పిలుపు మీదో తిరిగి వెళ్లినప్పుడు కథ తిరగబడుతుంది. అలవాటు కొద్దీ పిల్ల సీనియర్‌ను పేరు పెట్టి కేకేస్తే, ఫారిన్ వెళ్లొచ్చింది కదా, పొగరు తలకెక్కింది అంటారు. మన మహిళల జాతీయ జట్టు 2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, అర్హత పోటీలు ఆడి తొలిసారి ఆసియా కప్‌కు చేరింది. ప్రత్యర్థి సొంతగడ్డ మీద ఒక్క గోల్ ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడుకోవాలంటే వెనక వరుసలో నోళ్లు పనిచేయాల్సిందే. అక్కడెవరూ మర్యాద లెక్క చూడరు.

మైదానంలో నోరు విప్పడం నేర్చుకోవడానికి జాగ్రెబ్ దాకా రానక్కర్లేదు. నిజామాబాద్‌లోనో అనంతపురంలోనో పన్నెండేళ్ల పిల్లలకు నేర్పే సార్లు 20 మీటర్ల చదరం గీసి, నలుగురి మధ్య ఇద్దరిని పెట్టి బంతి ఆడించవచ్చు. పేరు పిలవకుండా ఇచ్చిన పాసు చెల్లదు. రెండు వారాలయ్యాక పేరుతో పాటు ఒక కబురు, వెనక మనిషి ఉందా లేదా అన్నది. ఆ తర్వాత ఎనిమిదిమంది చొప్పున రెండు జట్లు చేసి, వెనక వరుసను జరిపే పిలుపు అందరికంటే చిన్నపిల్లకు అప్పగించాలి, పెద్దపిల్లలు ఆ మాట వినాలి. మొదట్లో నవ్వులే సరిపోతాయి. తర్వాత అందరూ ఒకేసారి అరుస్తారు, ఏదీ వినపడదు. అప్పుడు బంతికి వెనక దగ్గరగా ఉన్న ఒక్కరే పలకాలని రూలు పెట్టాలి. అంతవరకు సారు కూడా గీత బయట నుంచి అరవకుండా ఉండాలి, పిల్లల కంటే ఆయనకే అది ఎక్కువ కష్టం.