డి-మెసాన్ క్షయంలో బలీయ దశాకోణం: మూడు కొలతలతో నేను వేసిన లెక్క

డి-జీరో మెసాన్ (చార్మ్ క్వార్కు ఉన్న అల్పాయువు కణం) కేయాన్, పయాన్ అనే తేలికపాటి కణాల జతగా విడిపోయినంత మాత్రాన కథ ముగియదు. ఆ రెండూ దూరమయ్యేలోపు బలీయ బలం వాటిని మళ్లీ కలిపి మార్చగలదు. కే-మైనస్, పై-ప్లస్‌గా పుట్టిన జత కే-జీరో-బార్, పై-జీరో అనే తటస్థ జతగా బయటపడొచ్చు. ఇదే తుది స్థితి అన్యోన్యచర్య. క్వార్కుల రంగును (బలీయ బలానికి మూలమైన ఆవేశం) మాత్రమే లెక్కలోకి తీసుకుంటే రెండో జత మొదటిదానిలో 18వ వంతు రావాలి (రంగుకి 1/9, పై-జీరోకి 1/2). కొలతల్లో సగానికి పైగానే వస్తుంది.

ఈ ప్రభావాన్ని అంకెల్లో పట్టుకోవడానికి నేను ఐసోస్పిన్ (అప్, డౌన్ క్వార్కులను ఒకేలా చూసే సౌష్ఠవం) దారి తీసుకున్నాను. తుది జత ఐసోస్పిన్ 1/2 లేదా 3/2; ఒక్కోదానికి ఒక యాంప్లిట్యూడ్ (పరిమాణాన్ని వర్గం చేస్తే రేటునిచ్చే సంకీర్ణ సంఖ్య) ఉంటుంది, ఆ రెండింటి మధ్య కోణమే దశాకోణం. కావలసినవి మూడు బ్రాంచింగ్ ఫ్రాక్షన్లు (మొత్తం క్షయాల్లో ఒక్కో దారి వాటా): డి-జీరో నుంచి కే-మైనస్ పై-ప్లస్ 3.95 శాతం, డి-జీరో నుంచి కే-షార్ట్ (తటస్థ కేయాన్‌లో త్వరగా క్షయమయ్యే రూపం; నిదానంగా క్షయమయ్యేది కే-లాంగ్) పై-జీరో 1.24, డి-ప్లస్ (ధనావేశం ఉన్న డి-మెసాన్) నుంచి కే-షార్ట్ పై-ప్లస్ 1.56. వీటితోపాటు జీవితకాలాలు: డి-జీరోది 0.410 పికోసెకన్, డి-ప్లస్‌ది 1.033.

ముందు ప్రతి ఫ్రాక్షన్‌నీ దాని జీవితకాలంతో భాగించి రేటు తెచ్చుకోవాలి. డి-ప్లస్ రేటులో మూడో వంతే 3/2 యాంప్లిట్యూడ్ వర్గం. రెండు డి-జీరో రేట్లు కలిపి అందులోంచి దీన్ని తీసేస్తే 1/2 యాంప్లిట్యూడ్ వర్గం మిగులుతుంది. ఇక కే-మైనస్ పై-ప్లస్ రేటు = 1/2 వర్గంలో రెండు వంతులు (2/3) + 3/2 వర్గంలో ఒక వంతు (1/3) + (2√2/3) × రెండు యాంప్లిట్యూడ్ల లబ్ధం × దశాకోణపు కొసైన్. తెలియనిది కొసైన్ ఒక్కటే.

జీవితకాలాలతో భాగించడం మరిస్తే కోణం 85 డిగ్రీల చుట్టూ వస్తుంది. చూడటానికి ఏ లోపమూ కనపడదు, అదే ప్రమాదం. పొరపాటును పట్టించేది యాంప్లిట్యూడ్ల నిష్పత్తి: 3.7 రావాల్సిన చోట 2.2 వస్తుంది. అందుకే కోణం ఒక్కటే చూసి సంతోషపడకూడదు.

రెండో ఉచ్చు కే-షార్ట్. దాన్ని రెట్టింపు చేస్తే కే-జీరో-బార్ వచ్చేస్తుందని అందరం రాసేస్తాం. కానీ డి-జీరో నుంచి కే-జీరో కూడా కొద్దిగా పుడుతుంది, అది కే-షార్ట్‌లో కలిసొచ్చి కే-లాంగ్‌లో తగ్గిస్తుంది. 2008లో క్లియో ప్రయోగం ప్రచురించిన కొలతలో కే-షార్ట్, కే-లాంగ్ వాటాల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే 0.108. కాబిబ్బో కోణపు (క్వార్కు రకాలు ఎంత కలుస్తాయో చెప్పే కోణం) టాంజెంట్ వర్గానికి రెట్టింపు కూడా దాదాపు అంతే. కాబట్టి 2.48ని 1.108తో భాగించి 2.24 శాతం తీసుకోవాలి. ఈ ఒక్క దిద్దుబాటుతో కోణం 98 నుంచి 91.5కి దిగింది. డి-ప్లస్‌లో ఆ తేడా 0.022 మాత్రమే, దోషపరిమితిలో సున్నాయే, అందుకని అక్కడ రెట్టింపుతోనే సరిపెట్టాను.

వచ్చిన 91.5ని కేయాన్-పయాన్ పరిక్షేపణ దశాకోణాల తేడా అని రాయకండి. ఆ రెండూ ఒకటేనని చెప్పే వాట్సన్ సిద్ధాంతం స్థితిస్థాపక (ఢీకొన్న కణాలే తిరిగొచ్చే) పరిక్షేపణకే వర్తిస్తుంది. డి-మెసాన్ ద్రవ్యరాశి అయిన 1.86 జీఈవీ దగ్గర వేరే మార్గాలు తెరిచే ఉంటాయి, అనునాదాలూ (క్షణకాలం ఏర్పడే కణాలు) దగ్గర్లో ఉన్నాయి. పైగా కొసైన్ నుంచి కోణపు గుర్తు ఎలాగూ తెలియదు.

చివరగా ఐసోస్పిన్ గుర్తుల సంప్రదాయం. 1/2, 3/2ల సాపేక్ష గుర్తు తిరగబడితే కోణం 180లోంచి తీసేసినంత అవుతుంది. 90కి దగ్గరగా ఉన్న డి-మెసాన్‌లో అది కంటికి ఆనదు. అదే ప్రోగ్రామ్‌ను బి-మెసాన్ నుంచి డి, పయాన్ వచ్చే క్షయాలకి వాడితే 30 దగ్గర రావాల్సింది కాస్తా 150 అవుతుంది. అందుకే కోణం వచ్చాక యాంప్లిట్యూడ్లను సంకీర్ణ సంఖ్యలుగా పెట్టి త్రిభుజం మూసుకుందో లేదో చూస్తాను: కే-మైనస్ పై-ప్లస్‌కి √2 రెట్ల కే-జీరో-బార్ పై-జీరో కలిపితే, డి-ప్లస్ నుంచి వచ్చే కే-జీరో-బార్ పై-ప్లస్ రావాలి.