కరెంటు కంటే టైర్లకే ఎక్కువ: 530 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ కారుతో నా లెక్కలు

బీవైడీ కంపెనీ ఎలక్ట్రిక్ కారు సీల్‌లో పెర్ఫార్మెన్స్ వేరియంట్ తీసుకుంటున్నానని చెప్పగానే మా బావగారు "అంత పవరున్న బండి కరెంటు తాగేస్తుందయ్యా" అన్నారు. పెట్రోలు కార్లు నడిపినవాళ్లకు ఆ భయం సహజమే. పెద్ద ఇంజన్ సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడ్డా తాగుతూనే ఉంటుంది. ఎలక్ట్రిక్ కారులో కథ వేరు. ఈ బండికి వెనక 230 కిలోవాట్ల మోటారు, ముందు 160 కిలోవాట్ల మోటారు ఉన్నాయి. ముందుది ఇండక్షన్ రకం. కరెంటు ఇవ్వనంతసేపు దానిలో అయస్కాంత శక్తి ఉండదు కాబట్టి ఊరికే తిరిగినా పెద్దగా వెనక్కి లాగదు. 3.8 సెకన్లలో గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకునే సత్తా అంతా పెడల్‌ను గట్టిగా అదిమినప్పుడే ఖర్చవుతుంది.

ఇదంతా కాగితం మీది మాట. నిజంగా కిలోమీటరుకు ఎంత పడుతుందో తేల్చుకోవడానికి ఏడాది పైనే పట్టింది. అందులో సగం తలనొప్పి కారుతో కాదు, ప్లగ్గుతో.

మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో 7 కిలోవాట్ల చార్జర్ పెట్టుకుంటానని అడిగితే అసోసియేషన్ మీటింగ్‌లో రకరకాల అనుమానాలు వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పడుతుందని ఒకరు, మంటలు అంటుకుంటాయని ఇంకొకరు, "ఇవాళ మీకిస్తే రేపు అందరూ అడుగుతారు" అని సెక్రటరీ గారు. ఆ చివరి మాట నిజమే, అందరూ అడుగుతారు. నాకు పనికొచ్చింది కేంద్రం 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు. ఈవీ చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ తీసుకోవచ్చని అందులో ఉంది. ఆ కాపీ చూపించి, కేబుల్ ఏ దారిన వస్తుందో గీసిచ్చి, ఖర్చంతా నాదేనని రాసిచ్చాక ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) చేతికొచ్చింది.

వేరే మీటర్ కోసం అంత పట్టుబట్టడం ఎందుకని మా ఆవిడే అడిగింది. కారణం స్లాబులు. తెలంగాణలో ఇంటి వాడకం నెలకు 400 యూనిట్లు దాటితే ఆపై ప్రతి యూనిట్‌కూ 9 రూపాయల 50 పైసలు, 800 దాటితే 10 రూపాయలు. ఎండాకాలంలో రెండు ఏసీలు నడిచే ఇంట్లో కారు చార్జింగ్ మొత్తం ఆ పై స్లాబులోనే పడుతుంది. ఈవీ కేటగిరీలో యూనిట్ 6 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలాంటివి వేరు. నేను నెలకు సుమారు 1,200 కిలోమీటర్లు తిరుగుతాను. అంటే మీటర్ మీద దాదాపు 220 యూనిట్లు. ఇంటి పై స్లాబులో 2,090 రూపాయలు, ఈవీ కేటగిరీలో 1,320. కారున్నంతకాలం నెలనెలా మిగిలే డబ్బు కదా.

వైరింగ్ రోజున ఎలక్ట్రీషియన్‌తో కాసేపు వాదన నడిచింది. ప్యానెల్ బోర్డు నుంచి నా పార్కింగ్‌కు సుమారు 40 మీటర్లు. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు సార్ అన్నాడు. చాలుతుంది, నిజమే. కానీ రాత్రంతా 31 ఆంపియర్లు పారితే అంత దూరంలో 9 వోల్టుల దాకా వైరులోనే పోతుంది. 10 స్క్వేర్ వేయించాను, నష్టం ఆరు వోల్టులకు దిగింది. ఎర్తింగ్ గుంత వేరే, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ వేరే. వీటిల్లో కక్కుర్తి పడకూడదు.

చార్జింగ్ మొదలయ్యాక అతను క్లాంప్ మీటర్‌ను ఫేజ్ వైరుకు తగిలించాడు. 31 ఆంపియర్లు, 230 వోల్టులు. అంటే గోడలోంచి 7.1 కిలోవాట్లు వస్తున్నాయి. కారు స్క్రీన్ మీద మాత్రం 6.5. "మిగతాది ఏమైంది సార్?" అన్నాడు. ఏసీ కరెంటును డీసీగా మార్చే ఆన్‌బోర్డ్ చార్జర్‌లో వేడిగా కొంత పోతుంది, చార్జింగ్ సాగినంతసేపూ మేలుకుని ఉండే కంప్యూటర్లు, పంపులు కొంత తింటాయి. కారు చూపించే సగటు బ్యాటరీ నుంచి బయటికొచ్చిన లెక్క, బిల్లు గోడ దగ్గరి లెక్క. నా కారు 100 కిలోమీటర్లకు 16.5 యూనిట్లు అంటే మీటర్ 18 పైన అంటుంది. కారు స్క్రీన్ ఫోటో తీసి "ఇంతే ఖర్చు" అని చూపించేవాళ్ల లెక్కకు మనసులోనే పది శాతం కలుపుకుంటాను.

ఇక రోడ్డు మీద. సిటీలో మైలేజీని పాడుచేసేది స్పీడు కాదు, మే నెల. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి బయటపడేటప్పుడు సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు. ఆ లెక్కన వంద కిలోమీటర్లకు ఆరేడు గంటలు పడుతుంది. ఎండలో నిలబెట్టిన కారును చల్లబరుస్తూ ఏసీ కిలోవాటున్నర లాగితే, బండి కదలడంతో సంబంధం లేకుండా పది యూనిట్లు దానికే. డిసెంబరులో అదే దారిలో 15, 16 యూనిట్లతో సరిపెట్టే కారు మేలో 22 చూపించిందంటే అందుకే. బండి 2 టన్నులు దాటినా, బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కొంత తిరిగి ఇస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో బరువు భయపడినంత బాధించలేదు.

హైవే మీద గాలిదే రాజ్యం. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది: 80లో ఉన్నదానికి 120లో రెండుంపావు రెట్లు. విజయవాడ దారిలో 80 దగ్గర పట్టుకుంటే 100 కిలోమీటర్లకు 13 యూనిట్లు చూశాను. లిమిట్ ప్రకారం వందలో వెళ్తే 15, 15.5. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో ఉంటే 18 పైన. ఒక్క చార్జింగ్‌కు వస్తాయని కంపెనీ చెప్పే 580 కిలోమీటర్లు ఎన్‌ఈడీసీ అనే పాత పరీక్ష లెక్క. 82.56 యూనిట్ల బ్యాటరీని దాంతో భాగిస్తే 100 కిలోమీటర్లకు 14.2 యూనిట్లు వస్తుంది. ఆ నంబరు అబద్ధమేం కాదు. 90లోపు ఓపిగ్గా నడిపితే నాకూ వచ్చింది, వెనక లారీవాడు హారన్ కొడుతున్నా సరే. విజయవాడ 275 కిలోమీటర్లు కాబట్టి వందలో నడిపితే ఒక్క చార్జింగ్‌తో వెళ్లి రావడం కొద్దిలో తప్పిపోతుంది. అక్కడో, దారిలో సూర్యాపేట దగ్గరో ఒకసారి ప్లగ్ పెట్టాల్సిందే.

అక్కడే లెక్క మారిపోతుంది. ఫాస్ట్ చార్జర్ల దగ్గర జీఎస్టీతో కలిపి నాకు యూనిట్ 20 నుంచి 25 రూపాయల దాకా పడింది. ఇంట్లో కిలోమీటరుకు రూపాయి పది పైసలతో నడిచే కారు ఇక్కడ నాలుగు రూపాయలకు చేరుతుంది. లీటరు 107 రూపాయల పెట్రోలుతో నా పాత డీసెంట్ సెడాన్ ఏడు రూపాయలు తినేది, కాబట్టి లాభమే. కానీ ఇంట్లో చార్జర్ లేకుండా కేవలం బయటి చార్జర్ల మీద ఆధారపడి కొంటానంటే ఆ లాభం సగానికి పడిపోతుంది. ఒకసారి రెండు చార్జింగ్ గన్‌లలో ఒకటి పనిచేయక, రెండోదాని దగ్గర ముందున్న కారు వంద శాతం నిండేదాకా కదలక, గంట కూర్చున్నాను. ఆ టెన్షన్‌కు ధర కట్టలేను.

ఆల్ వీల్ డ్రైవ్ బదులు ఒక్క వెనక మోటారున్న వేరియంట్ కొంటే ఎంత మిగిలేదని కూడా చూశాను. బ్యాటరీ అదే. ఎన్‌ఈడీసీలో దానికి 650 కిలోమీటర్లు. తేడా 100 కిలోమీటర్లకు ఒకటిన్నర యూనిట్, ఇంటి రేటులో తొమ్మిది పైసలు కిలోమీటరుకు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే 1,350 రూపాయలు. ఇంత పవరుకు కరెంటు బిల్లులో కట్టే జరిమానా అంతే. బావగారు నమ్మలేదు, మీటర్ రీడింగులు చూపించాను.

అసలు ఖర్చు కింద రోడ్డుకు తాకేచోట ఉంది. టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చే రొటేషన్ కోసం వెళ్తే షాపతను గాడిలో గేజ్ దింపి "3 మిల్లీమీటర్లే ఉంది సార్, వానలకు ముందే మార్చేయండి" అన్నాడు. చట్టం 1.6 వరకు ఒప్పుకుంటుంది. కానీ ఈ బరువు, 670 న్యూటన్ మీటర్ల టార్క్, తడి రోడ్డు కలిస్తే నేను ఒప్పుకోను. 19 అంగుళాల టైర్లు నాలుగూ కలిపి 90,000 దగ్గర చెప్పాడు. 30,000 కిలోమీటర్లు వచ్చాయనుకున్నా కిలోమీటరుకు మూడు రూపాయలు. ఇంటి కరెంటుకు దాదాపు మూడింతలు! సర్వీసింగ్‌లో ఇంజన్ ఆయిల్ లేదు, బ్రేక్ ప్యాడ్లు అరగలేదు, అది తేలిగ్గానే పోయింది. ఇన్సూరెన్స్ మాత్రం ఏడాదికి లక్షా పాతిక వేలు. అందులో థర్డ్ పార్టీ వాటా 6,712 రూపాయలే, మిగతాదంతా కారు ధరను బట్టి పడేది. కిలోమీటర్లకు పంచితే ఎనిమిది రూపాయలు పైనే.

ఇప్పుడు టైర్లు ఎంచుకోవాలి. తేలిగ్గా దొర్లే ఈవీ టైర్లు వేస్తే కరెంటు ఆదా అవుతుందని షాపతను ఒత్తి చెబుతున్నాడు. వాటి దొర్లే నిరోధం పది శాతం తక్కువనుకున్నా 100 కిలోమీటర్లకు ముప్పావు యూనిట్ కూడా మిగలదు. టైర్ల జీవితకాలం మొత్తానికి వెయ్యి రూపాయల పైచిలుకు. సెట్టు మీద వాటికి ఎక్కువ అడుగుతున్నది దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఆదా సంగతి పక్కన పెట్టి, బండి బరువుకు సరిపోయే లోడ్ ఇండెక్స్ ఉందా, తడిలో పట్టు ఎలా ఉంది అన్న రెండూ చూసి ఆర్డర్ పెడుతున్నాను.