మాకూ మాటలు వినపడవు

జపాన్‌లో, టోక్యోకి పడమటి వైపున్న తచికవాలో క్లయింట్ ఆఫీసుకి వెళ్లిన రెండేళ్లూ నేను ఎక్కువసార్లు అన్న మాట "వకరిమషిత". అర్థమైంది అని. మీటింగులో సగమే అర్థమైనా అదే అనేవాణ్ణి. మళ్లీ అడిగితే అందరి టైమూ పాడవుతుందని బెరుకు.

జపనీస్‌లో "మదె" అంటే వరకు, "మదెని" అంటే లోపు. ఒకసారి ఆ "ని" నా చెవిన పడలేదు. శుక్రవారంలోపు ఇవ్వాల్సిన పనిని శుక్రవారం వరకూ చేస్తూ ఉండొచ్చనుకున్నాను. నా వల్ల టీమంతా చివరి రైలు టైము దాకా కూర్చుంది. ఎవరూ ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాతి వారం పక్క సీటు పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, రెండు సీడీలున్న పెట్టె నా చేతిలో పెట్టారు. "ఇది మన తచికవాలో రికార్డు చేసిందే, వినండి" అన్నారు.

హదకా నో రరీజు అనే బ్యాండు. 1967లో క్యోటోలో దోషిషా యూనివర్సిటీ కుర్రాళ్లు మొదలుపెట్టారు. 1970లో జపాన్ విమానాన్ని ఉత్తర కొరియాకి మళ్లించిన హైజాకర్లలో ఒకడు మొదట్లో ఇందులో బేస్ గిటార్ వాయించినవాడే. పాటా, గిటారూ మిజుతాని తకషి. 2019లో పోయాడు, అభిమానులకి ఆ కబురు 2021లో గానీ తెలియలేదు. మొదట్లో ఏళ్ల తరబడి అభిమానులు వీళ్ల పాటల్ని టేపుల మీద కాపీ చేసుకుని విన్నారు. 1991లో మూడు సీడీ ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలో ఒకటి 1977 మార్చి 12న తచికవా సామాజిక విద్యా భవనంలో వాయించిన ఈ లైవ్.

నేనుండే నిషికసాయ్ నుంచి రోజూ నకనోలో రైలు మారి నేను దిగే ఊరే అది!

పాత సామాన్ల షాపులో సీడీ ప్లేయరు కొని, రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో మైకు స్పీకరు వైపు తిరిగితే కుయ్యిమంటుంది. సౌండు అబ్బాయి పరిగెత్తుకొచ్చి తగ్గించేదాకా చెవులు మూసుకుంటాం. మిజుతాని ఆ కూతని తగ్గించనే తగ్గించడు. గిటార్ మోత స్పీకర్లోంచి వచ్చి మళ్లీ తీగల్నే కదిలిస్తుంది, ఇంకా పెరుగుతుంది. కింద బేస్ మాత్రం అవే కొన్ని స్వరాలతో తిరగలిలా తిరుగుతూనే ఉంటుంది. గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంటుంది. చివరి పాట 20 నిమిషాలు దాటినా ఆగదు. ప్లేయరు ఆగాక కూడా చాలాసేపు హెడ్‌ఫోన్ తీయలేకపోయాను.

సోమవారం ఆయనతో నిజం చెప్పేశాను. "బాగా నచ్చిందండీ. కానీ మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. నా జపనీస్ ఇంకా చాలట్లేదు."

ఆయన తలడ్డంగా ఊపారు. "మాకూ వినపడవు. ముప్పై ఏళ్లుగా వింటున్నాను. నాకు తెలిసిన సగం మాటలు నేను ఊహించుకున్నవే."

ఆ సాయంత్రం ప్లాట్‌ఫారం బెంచీ మీద చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం. ఒక చోట ఆయన "యోరు" అన్నారు, రాత్రి అని. నాకూ అదే వినిపించింది. తర్వాతి మాట ఇద్దరికీ దొరకలేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాం. దొరకలేదు. రెండు రైళ్లు వదిలేశాం. ఆ దేశంలో ఒక జపనీస్ మనిషి పక్కన కూర్చుని, ఆయనకి ఎంత అర్థమైందో నాకూ అంతే అర్థం కావడం అదే మొదటిసారి.

ఆ వారం మీటింగులో డెడ్‌లైన్ చెప్పగానే చెయ్యెత్తాను. "మదెనా, మదెనినా అండీ?" మేనేజరు లేచి వైట్‌బోర్డు మీద తేదీ రాసి, దాని కింద గీత గీశారు.