లెమ్మీ బేస్‌లో ఆ గర్జన ఎక్కడిది?

పొద్దుట్నుంచీ బ్రిటిష్ రాక్ బ్యాండ్ మోటర్‌హెడ్ మోగుతూనే ఉంది. బేస్ గిటార్ ఏదో, మామూలు గిటార్ ఏదో తేల్చుకోలేక కొత్తగా వినేవాళ్లు తికమకపడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. 1945లో స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పుట్టిన ఆ బ్యాండ్ గాయకుడు, బేసిస్టు లెమ్మీ కిల్మిస్టర్ అసలు రిథమ్ గిటారిస్టు. 1971లో హాక్‌విండ్ అనే బ్యాండ్‌లో చేరాకే బేస్ చేతికొచ్చింది. ఆ పాత అలవాటు పోలేదు, పోకపోవడమే మన అదృష్టం. పిక్ (తీగలు మీటే చిన్న పలక) పట్టుకుని రెండేసి తీగలు కలిపి కార్డ్‌లే (ఒకేసారి మోగే స్వరాలు) కొట్టేవాడు.

రికెన్‌బాకర్ బేస్, మార్షల్ ఆంప్ (ఆంప్లిఫయర్). ఆంప్ మీద మిడిల్ (మధ్య స్థాయి) పూర్తిగా పెంచి, బేస్ (మంద్రం), ట్రెబుల్ (తారస్థాయి) నాబ్‌లు అడుగుకి దించేసేవాడు. అనుకరించేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే: బేస్ నాబ్ పెంచి, శబ్దాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్ తొక్కుతారు. లావు తీగల మీద దగ్గర దగ్గర స్వరాలు కలిస్తే మంద్రంలో ఒకదాన్నొకటి మింగేసి బురదలా వినిపిస్తాయి. సా, పా రెండే పట్టుకోండి, మంద్రం తగ్గించండి, పిక్‌తో గట్టిగా కొట్టండి. ఆంప్‌లోని వాల్వులు (శబ్దాన్ని పెంచే గాజు గొట్టాలు) హద్దు దాటి అరవాలంటే వాల్యూమ్ కావాలి, అందుకే గదిలో సన్నగా పెడితే ఆ కరుకుదనం రాదు.

మంద్రంలో మిగిలిన ఖాళీని మోటర్‌హెడ్ పాట 'ఓవర్‌కిల్'లో డ్రమ్మర్ ఫిల్ టేలర్ కాళ్లతో వాయించే రెండు కిక్ డ్రమ్‌లు ఎలా నింపాయో హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఒళ్లు జలదరిస్తుంది.

1975లో లెమ్మీ కెనడా సరిహద్దులో అరెస్టయ్యాక హాక్‌విండ్ అతన్ని తీసేసింది. అదే ఏడాది మోటర్‌హెడ్ మొదలైంది. 1981లో వాళ్ల లైవ్ ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్. 2015 డిసెంబర్ 11న బెర్లిన్‌లో ఆఖరి కచేరీ, 28న మరణం. చివరిదాకా మైకు తలకంటే ఎత్తులోనే, కిందికి వంచి ఉండేది. తలెత్తే పాడాడు.