బిషప్పుల వెండి రేకులు

మొన్నాదివారం మావయ్య లాక్కెళ్తే బసవనగుడిలో కాయిన్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళా, అక్కడో స్టాల్‌లో బ్రాక్టియేట్ అని ఒక వెండి నాణెం చూపించారు, 12వ శతాబ్దం జర్మనీదట. గ్రాము కూడా ఉండదు. గుళ్ళో మొక్కుకి ఇచ్చే వెండి కళ్ళు ఉంటాయి చూడండి, అచ్చం అలాంటి పల్చటి రేకు, అచ్చు ఒకవైపే కొడతారు కాబట్టి ముందు ఉబ్బెత్తుగా ఉన్న బొమ్మే వెనక గుంటలా తిరగబడి కనిపిస్తుంది. "గట్టిగా పట్టుకోకురా, వంగిపోద్ది" అని మావయ్య ఒకటే గోల.

ఇవి రాజులే కాదు, చర్చి వాళ్ళూ కొట్టించారు. జర్మనీలోని క్వెడ్లిన్‌బర్గ్‌లో అయితే మఠాన్ని ఏలిన ఆడవాళ్ళే తమ బొమ్మతో వేయించుకున్నారు, ఇది మాత్రం నాకు భలే నచ్చింది.

అసలు కిటుకు వేరే ఉంది. 1192లో పోయిన మాగ్డెబర్గ్ ఆర్చ్‌బిషప్ విఖ్‌మన్ టైంలో ఏడాదికి రెండుసార్లు పాత నాణేలు చెల్లవనేవాళ్ళు, మార్చుకోవాల్సిందే. అప్పట్లో మామూలు రేటు పాతవి 4 ఇస్తే కొత్తవి 3, అంటే పన్ను అనకుండానే పన్ను లాగేయడం అన్నమాట. మనం 2016లో ఒక్కసారి లైన్లో నిలబడినందుకే ఇప్పటికీ చెప్పుకుంటున్నాం కదా!

దాచుకుంటే నష్టం, అందుకే జనం చేతికొచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టేసేవాళ్ళేమో అన్నాడు మావయ్య. తర్వాత స్టాల్ వాళ్ళని ఆ నాణెం ధర అడిగి, నోరు మూసుకుని, కాఫీకి పదమన్నాడు.