బెణుకే కదా అన్నారు

"బెణుకే కదా, పది రోజుల్లో అదే పోతుంది." చీలమండ మడత పడి వెళ్తే మొదట చూసిన డాక్టర్ అన్న ఈ మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని చూసి, కట్టు కట్టి పంపేశారు. వాపు తగ్గాక వ్యాయామాలు చేయాలని ఒక్కరూ చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదిన్నరలో చదునైన నేల మీద కూడా ఎన్నిసార్లు కాలు మడత పడిందో లెక్కే లేదు.

రెండో డాక్టర్ మడమ పట్టుకుని పాదాన్ని ముందుకు లాగి చూశారు. రెండో కాలి కన్నా ఇది ఎక్కువగా జరగడం నాకే తెలిసింది. ఎమ్మారైలో చీలమండ బయటివైపు, ముందు భాగంలో ఉండే ఏటీఎఫ్‌ఎల్ అనే లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి నార, తెగిందని వచ్చింది. ఆపరేషన్ ఎప్పుడని అడిగితే, "స్కాన్ ఒక్కటే చూసి చేయను. పూర్తిగా తెగినా చాలామందికి ఆపరేషన్ లేకుండానే కుదురుకుంటుంది. ముందు మూడు నెలలు ఫిజియో చేయండి, అప్పటికీ మడత పడుతుంటే చేద్దాం" అన్నారు. ఆ రోజు ఒళ్లు మండింది కానీ, ఆయన చెప్పిందే సరైనదని తర్వాత అర్థమైంది. ఒంటికాలి మీద నిలబడటం, రబ్బరు బ్యాండుకు ఎదురుగా పాదాన్ని బయటికి నెట్టడం, రోజూ ఇదే. అమ్మ పక్కనే నిలబడి ముప్పై దాకా లెక్కపెట్టేది, ఒక్కరోజూ విసుక్కోలేదు.

నొప్పి తగ్గింది, బలం వచ్చింది. అయినా నాలుగో నెలలో ఒక రాత్రి, నిద్రపోయిన పాపను భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే పాదం ఉన్నట్టుండి లోపలికి తిరిగిపోయింది. చేతికి రెయిలింగు అందింది. అది దేవుడే అందించాడని నా నమ్మకం. పాప కళ్లు కూడా తెరవలేదు, నేను మాత్రం తనను గట్టిగా పట్టుకుని ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను, కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఇక ఆపరేషనే అని అక్కడే తేల్చుకున్నాను.

తెగి సాగిపోయిన ఆ లిగమెంట్‌నే బిగించి ఎముకకు కుట్టారు. 1966లో బ్రోస్ట్రోమ్ అనే స్వీడన్ డాక్టర్ రాసిన పద్ధతట. కొన్ని వారాలు చీలమండ కదలకుండా పట్టి ఉంచే బూటు, తర్వాత మళ్లీ అవే వ్యాయామాలు, మళ్లీ అమ్మ లెక్క.

కాలు బెణికాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించుకోండి. చీలమండకు పైన, మోకాలి కింది రెండు ఎముకలను కలిపే లిగమెంట్ తెగి వాటి మధ్య సందు వస్తే మాత్రం నాలా నెలలు ఆగకూడదు, ఆ సంగతి డాక్టర్ని విడిగా అడగండి. మిగతా వాటికి వ్యాయామం చేశాక కూడా కాలు పట్టు తప్పుతోందా లేదా అన్నదే చూసుకోండి.

నిన్న పాపను ఎత్తుకుని అవే మెట్లు దిగాను. రెయిలింగు మాత్రం వదల్లేదు.